ఉప్పుడబ్బాలో తాళంచెవి

అక్కా,

బావ కులాసాగా ఉన్నాడు. ముందు ఆ మాట చదువుకుని, తర్వాత నన్ను తిట్టు.

గుండె ఆపరేషన్ అయిన మనిషి, కొండల పార్కులో జాగ్రత్త అన్నావు. కాలిబాటలో మెల్లగానే నడిచాం. మేం దిగిన బసలో వంటావిడ చేత పుట్టగొడుగుల కూర ఉప్పు లేకుండా చేయించాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

ఇక సైకిల్ సంగతి. ఇద్దరు తొక్కేది ఒకటి అద్దెకు తీసుకుని, "నువ్వు వెనక ఊరికే కూర్చో బావా" అన్నాను. ఎత్తు రాగానే నాకు ఆయాసం వచ్చి కాళ్ళు ఆపేశాను. సైకిల్ మాత్రం ఆగలేదు. తిరిగి చూస్తే బావ ఈల వేస్తూ తొక్కుతున్నాడు. "నన్నేం చూస్తావురా, దారి చూడు" అన్నాడు. ఆపరేషన్ తర్వాత ఆయన ఈల వినడం నాకదే మొదలు.

డాక్టరు తొక్కమనే చెప్పాడటగా. నువ్వే భయపడి ఇంట్లో సైకిల్‌కి తాళం వేసి, తాళంచెవి ఉప్పుడబ్బాలో దాచావట. అది బావకి ఎప్పుడో తెలుసు. ఉప్పుడబ్బాలో చెయ్యెందుకు పెట్టాడని మాత్రం అడగకు. తెలిసి కూడా తియ్యలేదక్కా. నువ్వే ఇస్తావని చూస్తున్నాడు.

నీ తమ్ముడు