నీళ్లు మోరీ దిక్కు పోవాలె

మల్లీశ్వరీ, అమ్మ దగ్గరికి సంగారెడ్డి దవాఖానకు పోతున్నా. మబ్బు పట్టింది, వాన వచ్చేలోపు ఒక పని చెయ్యి. అమ్మ గది ముందు నేను పరిచిన సిమెంటు బిళ్లల్లో పక్కింటి గోడ దిక్కు వరుసను గడ్డపారతో లేపు. కింద ఇసుక ఎక్కువ నింపి మళ్లీ పరుచు. వాటం మోరీ కాలువ దిక్కు ఉండాలె. చెంబెడు నీళ్లు పోసి చూడు. ఇంకా నిలిస్తే మళ్లీ లేపు.

బిళ్లలు పరిచిన రోజు నువ్వు ఇదే చెప్పినవు. నేనేమో మీ అన్న వాస్తు మాట పట్టుకొని, నీళ్లు ఈశాన్యానికే పారాలని మొండికేసిన. "నీకేం ఎరుకనే?" అని నలుగురి ముందు కసిరిన. ఈశాన్యంలో పక్కింటి బాలప్ప గోడ ఉంటే నీళ్లు ఎటు పోతయి? నిలిచి పాచి పట్టింది. బురదల జారొద్దని అమ్మ కోసమే పరిస్తే, వాటిమీదనే జారింది. తుంటి ఎముక అతుకుతదో లేదో డాక్టర్ చెప్తలేడు. వాస్తు చెప్పిన మీ అన్న ఇంతవరకు చూడ రాలే.

ఒకటి చెప్ప మరిచిన. చూడవచ్చినోళ్లందరికీ చీర కాలికి తట్టుకొని పడ్డనని చెప్తున్నది అమ్మ. నీళ్ల మాటే ఎత్తదు. ఎవరన్నా అడిగితే నువ్వు కూడా అట్లనే చెప్పు.