పారబోసిన సీసాలు

అన్నయ్యకు,

నీ చెల్లెలి నమస్కారాలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నేనూ బాగానే ఉన్నాను గాని కుదురుగా మాత్రం లేను. ఈ ఉత్తరం మొదలుపెట్టాక ఎన్నిసార్లు లేచానో. ఓసారి పాలు పొంగితే, ఓసారి కిటికీ వెయ్యడానికి, తక్కినవన్నీ ఊరికే. ఇల్లు కొలుస్తున్నావా అని మా ఆయన వెక్కిరింపు.

వదిన మోకాలి సంగతి రాశావు. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నా అటక ఎక్కుతోందంటే అది మోకాలి జబ్బు కాదు, మొండితనం. నేనన్నానని చెప్పు. మా పిల్లకి ముందుపళ్ళు రెండూ ఊడాయి. ఫొటోకి నవ్వమంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది.

"నీ మడుగు తేటపడిందా? వాగు గట్టున వదిలిన గడ్డి పట్టీ ఇక దున్నుకోవచ్చా?" అని అడిగావు. ఆ మాట దగ్గరికి రాకుండా ఎంతసేపు తిరిగానో చూశావుగా.

నువ్వు మడుగని వెక్కిరించే మా సరస్సు తేటపడలేదు. పోయిన వేసవికన్నా ఎక్కువే పచ్చబడింది. పడవల రేవు దగ్గర పెయింటు డబ్బా ఒలికినట్టు నాచు. ఊరి మంచినీళ్ళ గొట్టం ఆ సరస్సులోంచే వస్తుంది కాబట్టి సరస్సు నీళ్ళ బాగోగులు చూసే మా ఆఫీసులో అందరికీ చెమటలు పడుతున్నాయి.

నీకు నేనేం చెప్పానో నాకు బాగా గుర్తుంది. పొలాల్లోని ఎరువూ పేడా వానకి కొట్టుకొచ్చి సరస్సులో నాచుకి మేతవుతున్నాయని, గట్టున గడ్డి పెంచితే అక్కడే ఆగిపోతాయని, నాలుగేళ్ళలో నీళ్ళు బాగుపడతాయని చెప్పాను. ఊరికే కాదు, సరస్సుకీ దానికి నీళ్ళిచ్చే వాగులన్నిటికీ కంప్యూటర్లో నమూనా కట్టి, ఏ వాగులోంచి ఎంత వస్తోందో లెక్క తేల్చి మరీ చెప్పాను. నువ్వు మంచి నేల వదిలేశావు. నిన్ను చూసి పక్క రైతులూ వదిలారు. చెల్లెలి మాట విని గడ్డి పండిస్తున్నాడని నలుగురూ నవ్వినా పడ్డావు.

మీ వాగు నిజంగానే శుభ్రపడింది. ఆ లెక్క తప్పలేదు. తప్పిందల్లా సరస్సు అడుగున.

పడవలో వెళ్ళి తాడుకి సీసా కట్టి లోతు నీళ్ళు తీస్తాం. సీసా అడుగు మట్టికి తగిలితే నీళ్ళు మురికిగా, కంపు కొడుతూ వస్తాయి. అలాంటివి చెడిపోయినట్టే, పారబోసి మళ్ళీ తియ్యండని మా వాళ్ళకి నియమం పెట్టింది నేనే. ఈ మధ్య ఎందుకో మనసొప్పక ఒక సీసా పారబొయ్యకుండా పరీక్షకి పంపాను. దాన్నిండా నాచుకి మేతయ్యే ఎరువులోని భాస్వరమే. మన తాతల నాటినుంచి కొట్టుకొచ్చిన ఎరువంతా ఆ మట్టిలో పేరుకుని ఉంది. ఎండాకాలంలో అడుగు నీళ్ళకి ప్రాణవాయువు అందకపోతే చాలు, మట్టి దాన్ని మళ్ళీ నీళ్ళలోకి వదులుతోంది. మట్టిని కూడా కలిపి లెక్కేస్తే నాలుగేళ్ళు కాదన్నయ్యా, మా పిల్లకి పెళ్ళయ్యేదాకా పట్టేలా ఉంది. అదైనా మీరు గడ్డి ఉంచితేనే. దున్నేస్తే ఇక ఎన్నటికీ కాదు.

మా పెద్దసారుకి చూపించాను. "ఇది రైతులకి చెప్పామంటే మర్నాడే నాగళ్ళు దిగుతాయమ్మా. మట్టి సంగతి ఇంకో ఏడాది మనలోనే ఉండనీ" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ నీళ్ళు తాగే ఊరిమీద ఆయనకి దిగులు.

ఇప్పటిదాకా రాయనిది ఇది. నేను సరే అన్నాను. వచ్చే వారం రైతుల సభలో చూపించాల్సిన బొమ్మల్లోంచి ఈ అడుగు మట్టి లెక్క చూపించే బొమ్మని నా చేత్తోనే తీసేశాను. అప్పట్నుంచే కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. సిగ్గుగా ఉంది.

దున్నుకోమని నేననలేను. వద్దనడానికి నాకు మొహం లేదు. నువ్వు దున్నితే కోపం రాదుగాని భయం వేస్తుంది. నిన్ను చూసి వదిలినవాళ్ళు నిన్ను చూసే దున్నుతారు.

ఏం చేసినా సభకి మాత్రం రా. ముందు వరసలో కూర్చో. సరస్సు ఎప్పటికి బాగుపడుతుందో చెప్పమని అందరి ముందూ లేచి నన్ను నిలదియ్యి. ఇంకెవరు అడిగినా సారు వైపు చూస్తానేమో. నువ్వడిగితే, నీ మొహం చూస్తూ అబద్ధమాడడం నాకు చేతకాదు.

ఇట్లు,
నువ్వు వస్తావని ఎదురుచూసే
నీ చెల్లెలు