ఉమ్మనీరు పెరిగింది

భట్టిప్రోలు, బుధవారం రాత్రి

నీకు వేయి స్తోత్రాలు తండ్రీ! మా అమ్మాయి సునీత కడుపులో బిడ్డ క్షేమంగా ఉంది. ఈ మాట ఎన్నిసార్లు రాసుకున్నా నాకు తనివి తీరేట్టు లేదు.

పోయిన వారం తెనాలిలో స్కానింగ్ తీసి, ఉమ్మనీరు తగ్గిందని చెప్పినప్పుడు నా ప్రాణం పోయినంత పనైంది. సునీత పాదాలు ఉబ్బాయి కదా, ఒంటికి నీరు పట్టిందని మా ఆవిడ రత్నం పిల్లకి మంచినీళ్లు కూడా చూసి చూసి ఇచ్చేది. అది వినగానే డాక్టరమ్మ కేకలేసింది. "కాళ్లకు పట్టే నీరు వేరు, బిడ్డ చుట్టూ ఉండే నీరు వేరండి. అమ్మాయిని బాగా తాగనివ్వండి!"

ఇక వారమంతా చెంబు పట్టుకుని సునీత వెనకే తిరిగాను. "నన్నేమన్నా వరిమడి అనుకున్నావా ఏంటి నాన్నా?" అని విసుక్కుంది కూడా.

ఈరోజు మళ్లీ స్కానింగ్ తీశారు. డాక్టరమ్మ నవ్వుతూ, "నీరు సరిపడా ఉందండి, బిడ్డ హాయిగా ఈదుతోంది" అంది. నేను అక్కడే, అందరి ముందూ ఏడ్చేశాను. "ఊరుకోవయ్యా, పరువు తీస్తున్నావు" అంటూనే రత్నం కొంగుతో తన కళ్లొత్తుకుంది.

పాదాల వాపు మాత్రం ఇంకా తగ్గలేదు. బీపీ పెరగకుండా చూసుకోమన్నారు. కాన్పయ్యేదాకా ఆ దిగులు ఉండనే ఉంటుంది...

ఇందాక అన్నాలు తింటుంటే సునీత ఉలిక్కిపడి, "అమ్మో, ఎంత గట్టిగా తన్నిందో!" అంది.

రత్నం నా వైపు తిరిగి, "ఏంటయ్యా అలా కూర్చున్నావు? లే, పిల్లకి నీళ్లు పట్రా" అంది.