ఖాళీ గడిలో ‘ఏమీ లేవు’ అని ఎవరు రాశారు?

ఆరోగ్య రికార్డుల విభాగపు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా భార్య రికార్డులోని తప్పే నా కూతురి రికార్డులోనూ ఉన్నందున, గురువారం ఉదయం ఎనిమిది గంటల ఆపరేషన్‌కు ముందే దానిని సరిచేయించుట గురించి.

నేను చిన్న ఆసుపత్రి ఎదురుగా ఇరవై రెండేళ్లుగా కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్న దర్జీని. మనవి చేయునది ఏమనగా:

1. నా భార్యకు పెన్సిలిన్ పడదు. కూతురికీ తల్లి పోలికే. చిన్న ఆసుపత్రి నర్సమ్మ ఈ సంగతి కాగితాల రోజుల్లో ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో రాసేది. కంప్యూటర్ వచ్చాక ‘ఇతర విషయాలు’ అనే గడిలో రాసింది. అక్కడి డాక్టరు ముందుగా చూసేది ఆ గడినే. ‘పడని మందులు’ అనే గడి ఖాళీగా ఉండిపోయింది.

2. తమరు అన్ని ఆసుపత్రుల కంప్యూటర్లనూ ఒకే పద్ధతిలో కలిపినందుకు నాడు మేమూ సంతోషించితిమి. అయితే నిర్ణయించిన గడులే అవతలికి దాటునట. ‘ఇతర విషయాలు’ దాటదట. ఖాళీ గడి దాటేటప్పుడు ‘ఏమీ లేవు’ అని మారునట.

3. కిందటి నెల పదకొండున పెద్ద ఆసుపత్రిలో నా భార్యకు సూదిమందు ఇవ్వబోతుంటే నేను, “అమ్మా, ఈమెకు ఏదో మందు పడదు, పేరు నోటికి రావట్లేదు” అన్నాను. డాక్టరమ్మ తెర చూసి, “ఏమీ లేవనే ఉందండీ, కంగారు పడకండి” అంది. కంప్యూటర్ కంటే నాకు ఎక్కువ తెలుసా అని ఊరుకున్నాను. పావుగంటలో అంతా అయిపోయింది. ఆ మందు పేరు ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

4. మరునాడు శ్మశానంలో ఉండగా, నా భార్య వివరములు విజయవంతముగా చేరవేయబడినవని తమ విభాగం నుంచి నా ఫోనుకు సందేశం వచ్చినది.

5. తమ కార్యాలయపు మూడో కిటికీ గుమాస్తా గారు, “లైను బాగానే పనిచేస్తోందండీ. మీ నర్సే గడి తప్పింది” అని సెలవిచ్చారు. నర్సమ్మ నా కొట్లో కూర్చుని, “వదినను నా చేతులారా చంపుకున్నానన్నా” అని ఏడ్చింది. ఆమె మీద నాకు కోపం లేదు. నా కొలతల పుస్తకంలో నడుము కొలత ఖాళీగా ఉంటే గుడ్డ కత్తిరించను, మనిషిని పిలిచి అడుగుతాను. అంతేగానీ ఆయనకు నడుమే లేదని రాసుకోను.

6. నా కూతురికి పందొమ్మిదేళ్లు. కడుపులో గడ్డ తీయాలి. అదే పెద్ద ఆసుపత్రి, అదే తెర, అదే ‘ఏమీ లేవు’. నర్సమ్మ సరైన గడి నింపి పంపింది. పాత నమోదు మారుటకు పదిహేను పనిదినములు పట్టునట. గడ్డ అంతవరకు ఆగదట. నోటితో చెప్పుకోమంటున్నారు. నోటిమాట తెర ముందు ఎంతసేపు నిలుస్తుందో ఒకసారి చూశాను కదయ్యా!

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఒకసారి అయింది. రెండోసారి నావల్ల కాదు. కావున బుధవారం సాయంత్రంలోగా ఆ ఒక్క గడి మార్పించి, నా బిడ్డను నాకు దక్కించ ప్రార్థన. వెంటనే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
చిన్న ఆసుపత్రి ఎదుటి దర్జీ

తా.క.: పిల్ల గౌను మీద గుండెల దగ్గర ‘పెన్సిలిన్ పడదు’ అని ఎర్ర దారంతో పెద్ద అక్షరాల్లో కుట్టాను. లోపలికి తీసుకెళ్లే ముందు దాన్ని విప్పించి ఆసుపత్రి గౌను వేస్తారని నర్సమ్మ ఇప్పుడే చెప్పింది. అయ్యా, గడి మారకపోతే పోనీ. ఆ ఆసుపత్రి గౌను ఒక్క గంట నా చేతికి ఇప్పించండి. దారం నేనే తెచ్చుకుంటాను.