ఇరవై రెండో వచనం

తమ్ముడికి,

దైవభయం ఒకనాటికైనా నీ గుమ్మం తొక్కాలని కోరుతూ అన్నయ్య వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు పార్సిల్ చేసిన ఆ రికార్డు, ఆ నల్ల పళ్లెం, గడప దాటకముందు ఇంకా క్షేమంగా ఉండేవాళ్లం. అక్కడ నువ్వు బాగానే ఉన్నావని నీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. పొగరు ఏమాత్రం తగ్గలేదు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు చెప్తాను.

అమ్మ చెవుల సంగతి అడిగావు. ఎడమది ఎప్పుడో పోయింది, ఇప్పుడు కుడిది కూడా పోయింది. డాక్టరు ఇచ్చిన మిషను పెట్టుకుంటే చెవిలో ఈగ దూరినట్టుందని తీసి సూదుల డబ్బాలో పడేసింది. ఏదైనా చెప్పాలంటే పలక మీద రాసి చూపిస్తున్నాం. తను మాత్రం మనమంతా చెవిటివాళ్లమన్నట్టు అరిచి మాట్లాడుతుంది. చూపు మాత్రం దేవుడు ఉంచాడు. బైబిలు ఇప్పటికీ కళ్లద్దాలు లేకుండా చదువుతుంది.

రికార్డు విన్నావా అని అడిగావు. విన్నాను. ఎదుటివాడి బలమెంతో లెక్క చూసుకోకుండా యుద్ధానికి పోయే రాజు ఉండడని లేఖనమే చెబుతోంది. మన మోటారు వైండింగ్ షాపులో మూలన పడున్న పాత ప్లేయరు మోటారు నేనే చుట్టి బాగుచేసి, రెండు వైపులా విన్నాను. మొదటి వైపు మూడు పాటలు. మేడ మీంచి ఇనప రేకులు కిందికి తోస్తే ఒక చప్పుడొస్తుంది చూడు, దానికి మీరు పాటని పేరు పెట్టారు. పాడేవాడికి కోపమో కడుపునొప్పో తేల్చుకోలేకపోయాను. రెండో వైపు మొత్తం ఒకటే పాట. వేణువుతో మొదలై, ఆరాధనలో ఆర్గనులా కాసేపు నటించి, ఉన్నట్టుండి పిచ్చికుక్కలా మీద పడి, మళ్లీ ఏమీ ఎరగనట్టు జోల పాడుతుంది. ఒక పాటలో ఆరు పాటలు, ఒక్కదానికీ ఇల్లూ వాకిలీ లేదు.

ఈ "రాగి గొంతు" రికార్డు వచ్చి పాతికేళ్లయిందని, ఇప్పుడు దాన్ని అందరూ క్లాసిక్ అంటున్నారని రాశావు. పాతబడితే క్లాసిక్ అయిపోతుందా? పాపం ఆదాము నాటిది. దాన్ని కూడా అట్ట మార్చి అమ్ముతావా?

గట్టి తాళాలతో స్తుతించమని కీర్తనల్లో ఉంది కదా అని నాకే వచనం చూపించావు. ఒరేయ్, సాతాను కూడా వచనాలు చెప్పాడు, అదీ దేవాలయ శిఖరం మీద నిలబడి. కీర్తనలో తాళం స్తుతికి మోగింది. నీ తాళం ఏ తలుపుకీ పట్టదు. యెరికో గోడలు కేకలకే కూలాయన్నావు. అక్కడ కూలింది శత్రువు గోడ. నువ్వు కూల్చింది నాన్న కట్టినది. నాన్న షాపులో నా పక్కన కూర్చుని వైండింగ్ నేర్చుకున్నావే, ఆ విద్యతో మొదట చుట్టిందేమిటి? మోటారా? గిటారు తీగల కింద దూర్చి చప్పుడు పెంచే రాగి కాయిలు! షాపు రాగితో అరవడానికో గొంతు చేసుకుని పోయావు. సిగ్గులేకుండా రికార్డుకి ఆ పేరే పెట్టుకున్నావు.

ఇక నీ అసలు కోరిక. మీ ఊరి హాల్లో నీ బృందమంతా వేదికెక్కి ఈ రికార్డు మొదలునుంచి చివరిదాకా వాయిస్తారట, అమ్మని మొదటి వరసలో కూర్చోబెట్టాలట. చదివి ఒళ్లు మండిపోయింది. పంపనని ఆ పూటే రాసేవాణ్ణి. కానీ ముందు ఆ రికార్డుని నేను బోధించే సంఘం ఎదుట తగలబెట్టి, ఆ బూడిదే నీకు జవాబుగా పంపుదామనుకున్నాను.

ఆదివారం కూటంలో జరిగింది నేనే రాస్తున్నాను, ఇంకెవరి నోటనో నువ్వు విని పండగ చేసుకునేకంటే నయం. షాపు వెనక పెరట్లో బెంచీలు నిండాయి. ఖాళీ వార్నిష్ డ్రమ్ములో కట్టెలు పేర్చి ఉంచాను. ఆదికాండము నాలుగో అధ్యాయం తియ్యమన్నాను. ఇరవై ఒకటో వచనం, నీకోసమే వెతికి పట్టినది. వాయిద్యాలు పట్టిన వాళ్లందరికీ మూలపురుషుడు యూబాలు. ఎవరి వంశం వాడు? కయీను వంశం! "తమ్ముణ్ణి చంపినవాడి ఇంట పుట్టిందయ్యా ఈ సంగీతం!" అని అరిచాను. బెంచీలు అదిరేలా ఆమేన్ అన్నారు. అక్కడితో పుస్తకం మూశాను.

అమ్మ మూయలేదు. నేను ఆపానని ఆమెకెలా తెలుస్తుంది? ముందు వరసలో వేలు పెట్టి చదువుకుంటూ, అందరం ఇంకా చదువుతున్నామనుకుని, ఇరవై రెండో వచనం గొంతెత్తి చదివేసింది. తూబల్కయీను. రాగి పనిముట్లూ ఇనప పనిముట్లూ చేసేవాడు. అదే తండ్రి కొడుకు.

నేను నా చేతులకేసి చూసుకున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది. నేను చూసుకోబట్టే అందరూ చూశారు. గోళ్ల సందున రాగి పొడి మెరుస్తోంది.

"అయ్యగారూ," అన్నాడు సెలూన్ ఆయన, "ఆ రాగి పనాయన ఈ వాయిద్యాలాయనకి ఏమవుతాడండీ?"

"ఏమవుతాడేంటి, అన్నదమ్ములేగా," అంది టైలరమ్మ, చెంగు నోట్లో కుక్కుకుంటూ.

"నోళ్లు మూసుకోండి! ఇది దేవుని సన్నిధి!"

"మేమేం కల్పించాం అయ్యగారూ? మీరు మూసిన పుస్తకంలో ఉన్నదేగా!"

బెంచీలన్నీ నవ్వాయి. అమ్మ ఆ మొహాల్నీ ఈ మొహాల్నీ చూసి, "ఎందుకు నవ్వుతున్నార్రా పెద్దోడా? తప్పు చదివానా?" అని అరిచింది.

లేదని తలూపాను. ఏ ప్రసంగానికీ నేనంత కష్టపడలేదు. డ్రమ్ము వెలిగించలేదు. కట్టెలు తడిగా ఉన్నాయన్నాను. "ఈ ఎండల్లోనా?" అన్నాడు సెలూన్ ఆయన. ఆయన కత్తెర మొద్దుబారుగాక!

దీనికంతటికీ కారకుడివి నువ్వు. నిన్ను క్షమించలేదు. అయితే ఇప్పటిదాకా రాయకుండా దాటేసిన ముక్క ఒకటుంది. అది రాయకపోతే నోట ప్రార్థన రావడం లేదు.

నేను ఆ రికార్డు వింటున్న మధ్యాహ్నం అమ్మ టీ తెచ్చింది. గ్లాసు పెట్టబోతూ ప్లేయరు పెట్టె మీద చెయ్యి ఆనించింది. మళ్లీ తియ్యలేదు. స్టూలు లాక్కుని కూర్చుని రెండో చెయ్యి కూడా పెట్టింది. అప్పుడు నీ పెద్ద పాటలో ఆ కుంటి తాళం నడుస్తోంది, ఏడు దెబ్బలు పడి ఎనిమిదోది ఎగిరిపోతుందే, అది. దాన్ని సాతాను కుంటి నడక అని ప్రసంగానికి రాసిపెట్టుకున్నాను. అమ్మ వేళ్లతో పెట్టె మీద అదే తాళం వేసి, "పళ్ల చక్రంలో పన్ను ఊడిన మిషన్రా ఇది. మీ నాన్న మిషను," అంది.

రోజూ ఆ వైండింగ్ మిషను తిప్పి తీగ చుట్టేవాణ్ణి నేను. అది తప్పే అడుగు నా మణికట్టుకి తెలుసు. అయినా నాకు వినపడలేదు. చెవిటిదానికి వినపడింది.

పాట అయిపోయాక "తిప్పు" అంది. ఆ పళ్లెం నా చేత్తో నేనే తిప్పాను. అప్పట్నుంచీ రోజూ వచ్చి కూర్చుంటోంది, నేను పెడుతున్నాను. కూటం జరిగిన రోజు పొద్దున కూడా పెట్టాను. పెట్టి, చేతులు కడుక్కుని, వెళ్లి కయీను గురించి అరిచాను.

ఇది ప్రేమతో రాస్తున్నాననుకోకు. ఆమె వినికిడి పోయినప్పట్నుంచీ నేను ఆమె ఎదురుగా నిలబడి గొంతు చించుకుంటున్నాను. ఒక్క వాక్యం ఆమెలోకి దిగలేదు. నువ్వు ఎక్కడో కూర్చుని ఎప్పుడో వేసిన కేక ఆమె అరచేతుల్లోంచి దూరిపోయింది. వాయించుకుంటున్న దావీదు మీదికి సౌలు ఈటె ఎందుకు విసిరాడో చాలాసార్లు బోధించాను. ఇప్పుడు అర్థమైంది. నా దగ్గర ఈటె లేదు కాబట్టి కలం విసురుతున్నాను.

నిన్ను చూడ్డానికి పంపనని పలక మీద రాసి చూపించాను. తడిగుడ్డతో తుడిచేసి, "బస్సెక్కడం నాకు తెలుసు!" అని అరిచింది. ఎక్కడం తెలుసు సరే, దిగాల్సిన చోటు ఎవరు కేకేసి చెప్పినా ఆమెకి వినపడదు. కాబట్టి తీసుకొస్తున్నాను. షరతులు విను. మొదటి వరస మాకొద్దు. ఆ పెద్ద స్పీకరు పక్కనే కుర్చీలు వేయించు, ఆమె చెయ్యి అందేలా. ఆ కుంటి తాళం దగ్గర జనం కేకలకి ఉబ్బిపోయి వేగం పెంచకు. వేదిక మీంచి నా గురించి ఒక్క మాట అన్నావో, అక్కడే లేచి ప్రసంగం మొదలుపెడతాను, నీ స్పీకర్లు నాకు లెక్క కాదు.

నేను బయట నిలబడి కరెంటు పోవాలని ప్రార్థిద్దామనుకున్నాను. కుదరదు. చెవులు పోయాక ఆమెకి చీకటంటే భయం పట్టుకుంది. ఒక చెయ్యి స్పీకరు మీద పెట్టుకుంటే రెండోది ఎవరో ఒకరు పట్టుకోవాలి. నాది తప్ప ఎవరిదీ పట్టుకోదు. అందుకని లోపలికి వస్తాను. కళ్లు మూసుకునే కూర్చుంటాను. పాట అయ్యాక హాలంతా లేచినా సరే, నేను చప్పట్లు కొట్టను. నా చెయ్యి ఖాళీగా ఉండదు.

ఇట్లు,
నీ చప్పుడును ఎన్నటికీ మన్నించని
నీ అన్నయ్య