ఊఁ కొట్టని తాత

భవానీపూర్, కోల్‌కతా,
12 ఆగస్టు 2025.

చిరంజీవి జానకిరామ్‌ను ఆశీర్వదించి నాన్న రాసేది. ఇక్కడ నేనూ నీ కూతురూ కులాసా. కోడలి మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను.

అసలు ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకోబోయాను. కానీ ఫోనులో నువ్వు నా మాటకు అడ్డొస్తావు. ఉత్తరానికి అడ్డురాలేవు.

శ్రీవల్లి ఇంగ్లీషులో రాసిన చరిత్ర పేపరు తప్పింది కాబట్టి ఎం.ఏ. మాన్పించి విశాఖ తీసుకుపోతానన్నావు. నువ్వు చెబితే ఏడుస్తుందని, నచ్చజెప్పే పని నాకు అంటగట్టావు. ముందు దాని ఇబ్బందేమిటో విను. ఇక్కడి బళ్లో చదువుకున్న బెంగాలీ మీడియం పిల్ల. చరిత్ర పుస్తకం పైకి చదివితే రేడియో వార్తల్లా ఉంటుంది. కానీ ప్రతి మాటనూ ఫోనులో వెతికి, దాని నెత్తిన బెంగాలీ అర్థం రాస్తుంది. పేజీ చివరికి వచ్చేసరికి మొదట ఏం జరిగిందో దానికే గుర్తుండదు.

నా ఇంగ్లీషు టికియాపారా స్టేషను బయట మరమరాల పొట్లాల మీద నేర్చుకున్నది. వార్త సగంలో చిరిగిపోయేది, మిగతా సగం నేనే అల్లుకునేవాణ్ణి. ఒక హత్యకేసులో తీర్పేమిటో నాకిప్పటికీ తెలియదు, ఇంకెవడి పొట్లంలోనో పోయింది. ఎక్కడున్నాను? ఆఁ, శ్రీవల్లి.

రోజూ టీ వేళ పుస్తకం మూసి, చదివింది నాకు కథలా చెప్పమన్నాను. కథన్నాక ఊఁ కొట్టాలి కదా. సంగతి అతికినంతసేపే కొడతాను. మొన్న జూట్ మిల్లు కథ వచ్చింది. కూలి పెంచమన్న కార్మికులే గేటుకు తాళం వేసేశారంది. నేను ఆగిపోయాను. ఊఁ కొట్టవేటి తాతా అంది. తాళంచెవి ఆళ్లకెవరిచ్చినారే అన్నాను. ధుత్, పుస్తకంలో అలాగే ఉంది అని విసుక్కుంది. విసుక్కుంటూనే వెనక పేజీ తిప్పింది, ఈసారి ఫోను ముట్టుకోలేదు. కాసేపటికి, తాతా, తాళం ఏసింది మిల్లు యజమానులేనట, కార్మికులు గేటు బయట నిలబడిపోయినారట అని ఒకటే కేక. ఊఁ అన్నాను.

ఇప్పుడు నేను ఆగకముందే తనే ఆగి వెనక్కి పోతోంది. వచ్చే నెల ఆ పేపరు మళ్లీ రాస్తుంది, గట్టెక్కుతుంది. నాకు అనుమానం లేదు, నువ్వూ పెట్టుకోకు.

ఇట్లు,
నీ నాన్న
తిరుపతిరావు

తా.క. నువ్వు తీసి పంపిన రైలు టికెట్ సంగతి శ్రీవల్లికి నేను చెప్పనేలేదు. పిల్ల ఆలోచించుకుంటోందని ఫోనులో నీకు చెప్పింది నా సొంత కల్పన. ఆ రైలు నిన్న మధ్యాహ్నం వెళ్లిపోయింది. ఆ వేళకు శ్రీవల్లి లైబ్రరీలో ఉంది.