బయ్యన్న కంబళి

కుందుర్పి,
14-10-1958

బావకు నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. ఎలుగుబంటి కూడా క్షేమమే. దాని సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

వచ్చే ఆదివారం మీ ఆఫీసరుగారిని కుటుంబంతో సహా మా కొండకు తీసుకొచ్చి, మీరు చూసిన ఎలుగుబంటిని వారికీ చూపిస్తానని రాశారు. అంతకు ముందే ఒక నిజం చెప్పాలి, కోప్పడవద్దు. పోయిన నెల మనం మోకాళ్ళు దోక్కుపోయేలా కొండెక్కి, బండ మీద బోర్లా పడుకొని, దుర్భిణిలో అరగంటసేపు చూసింది ఎలుగుబంటిని కాదు. గొర్రెల కాపరి బయ్యన్నను. చలిగాలికి నల్లకంబళి తలమీదుగా కప్పుకొని ఎదుటి గుట్ట మీద కూర్చున్నాడట.

నిన్న సంతలో అతనే చెప్పాడు. నాకు తల కొట్టేసినట్టయింది. "కాస్త కదిలుంటే ఏం పోయేదన్నా? మా బావ ఆఫీసంతా చెప్పుకున్నాడే!" అని తగులుకున్నాను.

"యాడ కదిలేదప్పా? మీరిద్దరూ నన్ను చూస్తాంటే, మీ ఎనకాల ఎలుగొడ్డు కూర్చోని ఓళిగలు తింటాండె. నేను లేసి అరిస్తే అది బెదిరి మీ మీద పడుతుందని ఊపిరి బిగబట్టుకోని కూర్చుంటి. తిని, మూతి నాక్కోని, దాని పాటికి అది పోయింది" అన్నాడు.

అక్క పూర్ణం పెట్టి చేసి కట్టిచ్చిన ఓళిగల మూట మాయమైతే నక్క పని అన్నారు మీరు. నేను మాత్రం ఇన్నాళ్ళూ మీరే తిన్నారనుకున్నాను. క్షమించండి.

ఆఫీసరుగారిని ధైర్యంగా తీసుకురండి. ఓళిగలు రెండింతలు చేయమని అక్కతో చెప్పండి. ఈసారి మాత్రం మనలో ఒకరం వెనక్కి తిరిగి కూర్చుందాం.

ఇట్లు,
మీ బావమరిది